తెనాలి నడిబొడ్డు



మన పల్లెలనుండి తెనాలికి పోనివా రుండరు. ధాన్యపు బేరమునకో, పెండ్లి బట్టలకో, కోర్టు వాయిదాకో, వైద్యునికొరకో పోవుదుము. పని ముగించుకొని చీకటిపడకముందే ఇల్లు చేరుదుము. ఆ కాలువల నెవరు త్రవ్వించిరి, ఆ పేట కా పేరేల వచ్చినది, నడిచౌకులోని స్తూపము లెవరివి అని నిలిచి విచారించువారు కొలదిమందియే. నేనును చాలకాలము నిలువనివాడనే.

కొన్నియేండ్ల క్రిందట మనుమనికి పుస్తకములు కొనుటకై తెనాలి పోయి, ఎండకు తాళలేక రణరంగ చౌకుకడ నీడను నిలిచితిని. పిల్లవాడు అచ్చటి పేరు కూడబలుకుకొని చదివి, "తాతయ్యా, ఇక్కడ ఏ రాజులు యుద్ధం చేశారు?" అని యడిగెను. "రాజులు కారు నాయనా, స్వరాజ్యముకొరకు ఏడుగురు చనిపోయినారు" అంటిని. "ఎట్లా?" అని వాడు మరల నడిగెను. నాకు చెప్పుటకు మాటలు చాలలేదు. అరువదియేండ్లు ఆ దారిని నడచినవాడను, పదియేండ్ల బాలుని ప్రశ్నకు జవాబు చెప్పజాలనైతిని. ఆ సిగ్గే ఈ ప్రసంగమునకు కారణము.

తెనాలి ఆంగ్లేయులు పుట్టించిన ఊరు కాదు. రామలింగేశ్వరుని ఆలయము, తెనాలి రామకృష్ణకవి పేరు ఆ ఊరి ప్రాచీనతకు చాలిన గుఱుతులు. అయినను నేడు మనము చూచు నడిబొడ్డును దిద్దినవి మూడు: నీరు, రైలు, కచ్చేరి. ఈ మూడును దొరల కాలమున వచ్చినవే.

దొరలు మొదట మన సీమలో అడుగుపెట్టినది తెనాలిలో కాదు, రేపల్లెకు దిగువనున్న నిజాంపట్టణములో. దాని నాటి విదేశీయులు పేటపోలి యనిరి. 1606లో డచ్చివారచ్చట వర్తకశాల నేర్పరచిరి. 1611లో ఆంగ్లేయుల 'గ్లోబు' అను ఓడ వచ్చి లంగరు దించెను. బట్టలు కొనుటకు వచ్చినవారు క్రమముగా శిస్తు వసూలు చేయువారైరి. గుంటూరు సర్కారు 1788లో కుంపినీవారి స్వాధీనమయ్యెను.

శిస్తు కట్టించుకొన్నవారు నీటిమాట తలపెట్టుటకు చాలకాలము పట్టినది. నందన సంవత్సరపు కరవును, అనగా 1832-33 నాటి దానిని, మన పెద్దలు డొక్కల కరవనిరి. గుంటూరు సీమలో అయిదులక్షల జనమున సుమారు రెండు లక్షలమంది నశించిరని లెక్క. కృష్ణ ప్రక్కనే పారుచుండగా జనము దాహముతో, ఆకలితో చచ్చిరి. ఏటిలోని నీరు పొలమున కెక్కు మార్గము లేకపోవుటయే దీనికి మూలము. ఆర్థరు కాటను దొర సూచనపై, కెప్టెను ఆర్ పర్యవేక్షణమున, బెజవాడకడ ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ 1852లో ఆనకట్ట మొదలిడి 1855 నాటికి ముగించిరి. ఆ ఆనకట్ట శిథిలము కాగా 1954-57 నడుమ ప్రకాశము బ్యారేజి వెలసినది.

సీతానగరమువైపున బయలుదేరిన పెద్దకాలువ దుగ్గిరాల లాకులకడ శాఖలగును. వానిలో మూడు తెనాలిమీదుగా పోవును: తూర్పుకాలువ, పడమటికాలువ, నిజాంపట్నము కాలువ. ఊరినడుమ నీరు, నీటిపై వంతెనలు, ఒడ్డున అంగళ్లు, వానికితోడు నాటకములు, కవులు. ఇవన్నియు చూచి జనులు తెనాలిని 'ఆంధ్రా ప్యారిస్' అనిరి. ప్యారిస్ నగరమునకు నడుమ సేను నది పారునట్లు మన తెనాలికి కాలువలు పారుచున్నవని ఒక ముచ్చట.

ఆ కాలువలు పొలమునకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును త్రవ్వబడినవి. లాకుల మర్మము మన పిల్లలకు తెలియదు గాన చెప్పుచున్నాను. ఎగువ నీరు ఎత్తున, దిగువ నీరు పల్లమున నుండును. రెంటినడుమ గోడలు కట్టిన తొట్టి, దానికి రెండువైపుల తలుపులు. పడవ దిగువనుండి తొట్టిలోనికి రాగానే వెనుక తలుపులు మూసి, ఎగువనీరు మెల్లగా వదలుదురు. నీటితోపాటు పడవయు లేచును. రెండు మట్టములు సమానమైనపుడు ముందు తలుపులు తెఱతురు. మా తాతగారు ధాన్యపు పడవలో రాత్రంతయు ప్రయాణము చేసి, లాకులకడ వంటచేసికొని, తెల్లవారుసరికి తెనాలి చేరెడివారట. నేడు పడవలు లేవు. వాని పని లారీలు చేయుచున్నవి.

నీటివెనుక రైలు వచ్చినది. 1899లో బెజవాడ, మద్రాసుల నడుమ ఇనుపదారి కలసెను. తెనాలి, బాపట్ల ఆ దారిపై నిలిచినవి. 1916లో గుంటూరునుండి తెనాలిమీదుగా రేపల్లెకు మఱియొక దారి పడినది. ఇట్లు నాలుగు దిక్కుల బండ్లు కలియు కూడలి అగుటచే, డెల్టా ధాన్యమంతయు తెనాలి అంగడి ముఖము చూడవలసివచ్చెను. బియ్యపు మరలు, కొట్లు, పూటకూళ్లయిండ్లు వెలసినవి.

పిమ్మట కచ్చేరి. 1904లో గుంటూరు జిల్లా తిరిగి ఏర్పడినది; 1909లో తెనాలికి పురపాలకసంఘము వచ్చినది. నేటికిని పేటల పేర్లు చదివిన చరిత్ర తెలియును. రామలింగేశ్వరపేట దేవుని పేరిటిది. గంగానమ్మపేట గ్రామదేవత పేరిటిది. మారిస్‌పేట దొరల భాషలోనిది. బోసు రోడ్డు, గాంధీ చౌకు స్వరాజ్యోద్యమపు గుఱుతులు. ఒక గంటలో నడచి మూడు యుగములు దాటవచ్చును.

ఊరన్నది ఇటుకలే కాదు గదా. 1925లో పురపాలకాధ్యక్షుడైన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు గంగానమ్మకు జంతుబలి వలదని నిలిచి, ఊరి ఆగ్రహమునకు గురియైరి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభ రంగస్థలమున స్త్రీపాత్రలు ధరించి ఆంధ్రదేశము నలరించిరి. 1947లో మద్రాసునుండి వెలువడిన 'చందమామ'ను మీరును మీ బిడ్డలును చదివియుందురు. దానిని నడపిన చక్రపాణిగారు, కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలివారే. బాపట్ల మాటయు చెప్పవలెను. 1913 మే 26న బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ జరిగినది అచ్చటనే. ప్రత్యేకాంధ్ర రాష్ట్రమను మాట నాడు సభలో చర్చకు వచ్చెను. అది 1953 అక్టోబరు 1న ఫలించెను. భావనారాయణస్వామి పేరిట భావపురియైన ఆ ఊరు నలువదియేండ్లు ఓపిక పట్టినదన్నమాట.

ఇక మా మనుమని ప్రశ్నకు వత్తును. 1942 ఆగస్టు 8న బొంబాయిలో 'క్విట్ ఇండియా' తీర్మానము జరిగినది. నాయకులను చెరసాలలకు పంపిరి. ఆ వార్త రైలుదారినే మన తెనాలికిని చేరినది. ఆగస్టు 12న అంగళ్లు మూతపడెను, జనులు ఊరేగిరి, రైలుస్టేషను దగ్ధమయ్యెను. పోలీసులు తుపాకులు కాల్చిరి. ఏడుగురు ప్రాణములు విడిచిరి. దొరలు ధాన్యము తరలించుటకు వేసిన ఇనుపదారికడ, దొరల ప్రభుత్వమును పొమ్మన్న జనము నిలిచినది. ఆ దినమునుండి ఆ చౌకు రణరంగ చౌకు. ఆ ఏడుగురి స్మృతికే ఆ స్తూపములు.

కాటను ఆనకట్ట మేలును మఱువరాదు. తుపాకి దెబ్బలను మఱువరాదు. ఒకటి చెప్పి రెండవది దాచిన చరిత్ర సగము అబద్ధము. రెండును ఒకే ఊరిలో, నడచిపోగల దూరమున నున్నవి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినవి. బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరులోనే యున్నది. కచ్చేరీలు మారిన మారునుగాక. కాలువ మారదు, మన జ్ఞాపకము మారరాదు. పాతయిండ్లు కూలి కొత్తమేడలు లేచుచున్నవి. దానిని మన మాపలేము. చెత్త పోయకుండ కాలువను కాపాడుట మాత్రము మన చేతిలోని పని. పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పుటయు మన చేతిలోనిదే.

మఱుసటి ఏడు మనుమని వెంటబెట్టుకొని మరల అచ్చటికి పోయితిని. ఈసారి నేనే ముందుగా నిలిచి, ఇప్పుడు మీకు చెప్పినదంతయు వానికి చెప్పితిని. వాడు చేతులు జోడించెను, నేనును జోడించితిని. మీరు ఈమాఱు తెనాలి పోయినపుడు బజారుపని కొంచెము త్వరగా ముగించుకొని, ఇంటి పిల్లవానితో ఆ చౌకున ఒక్క క్షణము నిలువుడు.