పలకరింపూ మందే!

నొప్పి మాత్రలు ఎక్కువై స్నేహితుడు ఆస్పత్రి పాలైతే వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మరి ఆ మంచం పక్కన కూర్చునే నేస్తం ఏం చేయాలి? ఏం మాట్లాడాలి?

రాత్రి పదకొండింటికి ఫోను మోగుతుంది. 'మనోడు గోలీలు మింగిండట, దవాఖానకు తీస్కపోతున్నరు' అంటుంది అవతలి గొంతు. కాళ్లూ చేతులూ ఆడవు. మొన్ననే కదా కలిసి టీ తాగాం, నవ్వుతూనే ఉన్నాడు కదా అనిపిస్తుంది. జనగామలోనైనా మహబూబాబాద్‌లోనైనా భూపాలపల్లిలోనైనా ఇలాంటి కబురు విన్న స్నేహితులందరి పరిస్థితీ ఒకటే.

ఒకప్పుడు పెద్ద వైద్యం కావాలంటే ఈ మూడు ఊళ్లవాళ్లకూ వరంగల్ ఎంజీఎం ఆస్పత్రే దిక్కు. 2016లో జిల్లాలు వేరయ్యాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాబట్టి ఎంజీఎందాకా పరుగు తీయాలా వద్దా అన్న ఆలోచనతో సమయం పోగొట్టుకోకూడదు. 108కి ఫోన్ చేసి ముందు దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చాలి. వరంగల్ పంపాలో లేదో అక్కడి డాక్టర్లు చెబుతారు. ఉప్పునీళ్లో సబ్బునీళ్లో తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం వద్దు. దానివల్ల మేలుకంటే కీడే ఎక్కువ. మింగిన మాత్రల అట్టలు, సీసాలు దొరికితే వెంట తీసుకెళ్లాలి. ఏ మందు, ఎంత, ఎన్నింటికి... డాక్టరు అడిగే మొదటి మూడు ప్రశ్నలూ ఇవే.

'బాగానే ఉన్నాడుగా!'

అసలు చిక్కంతా ఇక్కడే. జ్వరానికీ ఒళ్లునొప్పులకీ ప్రతి ఇంట్లో ఉండే పారాసిటమాల్ తగిన మోతాదులో మంచి మందే. ఎక్కువైతే దెబ్బ కాలేయం మీద పడుతుంది. అదీ వెంటనే బయటపడదు. మొదటిరోజు కాస్త వికారం, వాంతులు... ఒక్కోసారి అవీ ఉండవు. మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. 'ఇంకేం, తగ్గిపోయింది, ఇంటికి తీసుకుపోదాం' అంటారు బంధువులు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకుగానీ తెలియదు. కళ్లు పచ్చబడేసరికి పరిస్థితి చేయిదాటే ప్రమాదముంది.

దీనికి విరుగుడు ఉంది... ఎన్-అసిటైల్ సిస్టీన్. 1970ల నుంచీ వాడుతున్న మందు ఇది. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఎంతోకొంత మేలు చేస్తుంది. అందుకే 'పొద్దున చూద్దాంలే' అనుకోకూడదు. డాక్టరు పంపేదాకా పేషెంటును కదిలించకూడదు. తొందరపడే బంధువులకు ఈ సంగతి నచ్చజెప్పడం స్నేహితుడు చేయగలిగిన మొదటి సాయం.

నొప్పి మాత్రలన్నీ ఒకే రకం కావు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఎక్కువైతే కడుపులో రక్తస్రావం కావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పైగా ప్రతి కేసూ కావాలని చేసుకున్నదే కాదు. పంటినొప్పికి ఒకటి, జలుబుకి ఒకటి, జ్వరానికి మరొకటి వేసుకుంటే మూడింట్లోనూ పారాసిటమాలే ఉండొచ్చు. కాబట్టి కారణం తెలియకుండా ఎవరూ తీర్పులు చెప్పకూడదు.

ఆ ఒక్క ప్రశ్న వద్దు

వార్డులోకి వెళ్లగానే నోటికొచ్చే మాట, 'ఎందుకిట్ల చేసినవ్‌రా?' ఆ పడకమీది మనిషి ఆ ప్రశ్నను అప్పటికే పదిమంది దగ్గర విని ఉంటాడు. 'అమ్మానాన్నల గురించి ఆలోచించలేదా?', 'ఇంత చిన్నదానికేనా?' లాంటివీ అంతే. అసలే సిగ్గుతో, అపరాధభావంతో ఉన్నవాళ్లను అవి మరింత కుంగదీస్తాయి. 'నువ్వున్నావ్, అదే చాలు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే ఊకెనే కూసుంటా' అంటే సరిపోతుంది. మాటలు రాకపోతే మౌనంగా ఉన్నా తప్పులేదు.

'మళ్లీ అలాంటి ఆలోచన వస్తోందా?' అని అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే లేనిపోని ఆలోచన కలిగించినట్టు అవుతుందని భయం. అది అపోహ అంటారు మానసిక వైద్యులు. మెల్లగా, సూటిగా అడిగితే అవతలివారి గుండెబరువు దిగుతుంది. 'అవును' అంటే మాత్రం ఆ మాటను దాచకూడదు. 'ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్' అన్నా వేయకూడదు. డాక్టరుకో నర్సుకో వెంటనే చెప్పాలి. నేస్తానికి కోపం వస్తే రానివ్వండి. కోపం పోయేదే, ప్రాణం పోతే తిరిగొచ్చేది కాదు.

మాటసాయంతోపాటు చేతిసాయమూ కావాలి. రాత్రంతా నిద్రలేని అమ్మను కాసేపు పడుకోబెట్టి మంచం దగ్గర కూర్చోవడం, టిఫిను తేవడం, కాలేజీలోనో పనిచేసేచోటో సెలవు చెప్పడం... చిన్నవే కానీ ఆ సమయంలో అవే కొండంత అండ. చూడటానికి వచ్చే జనాన్ని ఆపడమూ సాయమే. ఊళ్లో 'ఏమైంది?' అన్నవాళ్లందరికీ కథంతా చెప్పక్కర్లేదు. 'ఒంట్లో బాలేదు, ఇప్పుడు నయం' అంటే చాలు.

కేసవుతుందేమో!

చాలా కుటుంబాలు డాక్టరుకి అబద్ధం చెప్పేది ఈ భయంతోనే. దాంతో వైద్యం దారితప్పుతుంది. ఆస్పత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వడం మామూలే. కానీ 2018 మేలో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం(2017) 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వారికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదే. 2024 జులైలో భారతీయ న్యాయసంహిత రావడంతో పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ కూడా పోయింది. కాబట్టి డాక్టరు దగ్గర నిజం దాచాల్సిన పనిలేదు.

ఇంటికొచ్చాకే అసలు పని

డిశ్చార్జి రోజు అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి జాగ్రత్తగా ఉండాల్సింది ఆ తర్వాతి వారాల్లోనే. బంధువులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. అప్పులు, పరీక్షలు, ఇంట్లో గొడవలు, ప్రేమ వ్యవహారాలు... బాధ ఏదైనా అది అలాగే ఉంటుంది. మనిషి మాత్రం ఒంటరివాడవుతాడు.

ఆ సమయంలో పలకరింపు ఎంత పనిచేస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనంలో చూసింది. 2008లో ఫలితాలు వెలువడిన ఆ పరిశోధన ఐదు దేశాల్లో జరిగింది. వాటిలో మన చెన్నై కూడా ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికిన 1,867 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండోజట్టుకు దాంతోపాటు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడటం, ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికెళ్లో పలకరించడం. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి జట్టులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, రెండోజట్టులో అది 0.2 శాతమే! ఆ పలకరించినవాళ్లు శిక్షణ పొందినవారే. అయినా క్రమం తప్పకుండా పలకరించడానికి డిగ్రీలు అక్కర్లేదు. స్నేహితులూ ఆ పని చేయొచ్చు. 'ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి' అనడం కంటే 'ఆదివారం పొద్దున వస్తా, బయటికి పోదాం' అనడం మేలు. అన్నట్టే వెళ్లడం ఇంకా మేలు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడి మందుల డబ్బాను, పొలం మందులుంటే వాటినీ తాళంలో పెట్టించాలి. పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతంలో ఇది చాలా ముఖ్యం. బ్రిటన్‌లో 1998లో ఒకేసారి అమ్మే పారాసిటమాల్ మాత్రల సంఖ్య మీద పరిమితి పెట్టాక ఆ మరణాలు బాగా తగ్గాయి. ఆ గడియ గడిస్తే చాలామంది నిలదొక్కుకుంటారు. మానసిక వైద్యుడి దగ్గరికి మొదటిసారి తోడుగా వెళ్లడమూ మరవొద్దు. చాలామంది ఆగిపోయేది ఆ గుమ్మం దగ్గరే.

తోడున్నవారికీ తోడు

నేస్తం కోసం తిరిగేవాళ్లకూ నిద్ర పట్టదు. 'నేను ముందే గమనించి ఉంటే...' అన్న బాధ తొలుస్తుంటుంది. అది వాళ్ల తప్పు కాదు. బరువంతా ఒక్కరే మోయకుండా ఇద్దరు ముగ్గురు స్నేహితులు వంతులేసుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరు ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బాధపడేవారే కాదు, వారికి తోడున్నవారూ దానికి ఫోన్ చేయొచ్చు.

నెల తర్వాత ఓ సాయంత్రం అదే టీకొట్టు దగ్గర ఇద్దరూ మళ్లీ కలుస్తారు. పాత సంగతి ఎత్తక్కర్లేదు. రెండు టీలు చెప్పి 'రేపు ఎన్నింటికి?' అని అడిగితే చాలు.