వార్తల్లో పదం: ఫ్రీలిస్ట్

చెరిపేసిన మెసేజ్ నిజంగా పోతుందా? చాలాసార్లు వెంటనే పోదు. ఫోన్‌ యాప్‌లు ఎక్కువగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రికార్డు తీసేస్తే, ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. మొత్తం ఖాళీ అయిన పేజీల చిట్టాయే ఫ్రీలిస్ట్. కొత్త సమాచారం వచ్చి పడేదాకా పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. ఫోరెన్సిక్ నిపుణులు వెతికేది వాటినే. ఖాళీ పేజీలను తీసేసి డేటాబేస్‌ను మళ్లీ పేర్చే ‘వ్యాక్యూమ్’ ఆదేశం నడిస్తే మాత్రం ఆశ సన్నగిల్లుతుంది.

తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో నిందితులు హార్డ్‌డిస్కులనే ముక్కలు చేసి మూసీ నదిలో పడేశారన్నది పోలీసుల అభియోగం. అంత దాకా వెళ్తే ఫ్రీలిస్ట్ ఏం చేయగలదు?

ఫోన్ చేతిలోనే ఉంటే మాత్రం సాక్ష్యం దక్కే వీలుంటుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఆన్‌లైన్ మోసానికి గురైనవారు ముందు 1930కి ఫోన్ చేయాలి. ఆధారాలున్న ఫోన్‌ను ఆ తర్వాత వీలైనంత తక్కువ వాడాలి. ప్రతి కొత్త మెసేజూ పాత సాక్ష్యం మీద పడొచ్చు.