సన్‌ఫ్లవర్ నూనె: విత్తనం ఒకటే, నూనె ఎందుకు మారుతుంది?

ఒకే హైబ్రిడ్ విత్తనాన్ని అవుకులో ఒక రైతు నవంబర్‌లో వేశాడనుకోండి, పక్క చేను రైతు జనవరి ఆఖర్లో వేశాడు. రెండు పంటల నూనె ఒకటేనా? కాదు. ఎందుకో చూద్దాం.

సన్‌ఫ్లవర్ నూనెలో దాదాపు 85 నుంచి 90 శాతం రెండే కొవ్వు ఆమ్లాలు: ఒలీయిక్, లినోలీయిక్. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. గింజలో ముందు తయారయ్యేది ఒలీయిక్. తర్వాత ఒక ఎంజైమ్ దాన్ని లినోలీయిక్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ చల్లగా ఉంటే చురుగ్గా పనిచేస్తుంది, వేడికి డల్ అయిపోతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే కోడ్ అదే, సర్వర్ వేరు.

పువ్వు పూశాక గింజ నిండే రోజులే ఇక్కడ కీలకం. అందులోనూ రాత్రి ఉష్ణోగ్రత ప్రభావం ఎక్కువని అర్జెంటీనా పరిశోధకులు తేల్చారు. నవంబర్ పంటకు గింజ నిండేది జనవరి, ఫిబ్రవరి చలిలో. కాబట్టి లినోలీయిక్ ఎక్కువ. జనవరి ఆఖరి పంటకు ఏప్రిల్ ఎండలు తగులుతాయి, రాత్రిళ్లు కూడా ఉక్కే. అందుకే ఒలీయిక్ పెరుగుతుంది.

ఒలీయిక్ ఎక్కువున్న నూనె బజ్జీలు వేయించేటప్పుడు త్వరగా పాడవదు. మరి అందరూ లేటుగా వేస్తే పోలా? అక్కడే ఉంది తిరకాసు. ఎండ ముదిరితే గింజ సరిగ్గా నిండదు, బరువు తగ్గుతుంది, నూనె శాతం కూడా పడిపోతుంది. రైతుకు డబ్బులొచ్చేది క్వింటాళ్ల లెక్కన. ఒలీయిక్ పెరిగిందని మార్కెట్లో ఎవరూ అదనంగా ఇవ్వరు.

దీనికి దారి విత్తనంలోనే ఉంది. 1976లో సోవియట్ శాస్త్రవేత్తలు 'పెర్వెనెట్స్' అనే రకాన్ని తెచ్చారు. అందులో ఆ ఎంజైమ్ గింజలో దాదాపు పనిచేయదు. చలైనా ఎండైనా ఒలీయిక్ ఎక్కువే. నేటి హై ఒలీయిక్ హైబ్రిడ్లకు మూలం అదే.

మీ ఇంట్లో సన్‌ఫ్లవర్ వేస్తుంటే, విత్తే సమయం గురించి మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి. వేయకపోయినా పర్లేదు, ఇప్పుడే వంటింట్లోకెళ్లి నూనె ప్యాకెట్ వెనక చూడండి. మోనో అన్‌శాచురేటెడ్ అంటే దాదాపు ఒలీయిక్, పాలీ అన్‌శాచురేటెడ్ అంటే లినోలీయిక్. మీ ప్యాకెట్‌లో ఏది ఎక్కువో కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!