పక్షిని చూస్తే డబ్బులొస్తాయా?

చిలకను పట్టి అమ్మితే డబ్బులొస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. మరి పక్షిని ఊరికే చూసి వెళ్తే? దాని వల్ల ఎవరికైనా నాలుగు డబ్బులొస్తాయా?

వస్తాయి. ఆఫ్రికాలో కాకుం అనే అడవి ఉంది. అక్కడికి పక్షుల్ని చూడ్డానికే దేశదేశాల నుంచి జనం వస్తారు. టికెట్ కొనుక్కుని మరీ చూస్తారు. ఆ సంగతేంటో తెలుసుకుందాం.

ఎక్కడుంది ఈ అడవి?

ఆఫ్రికా ఖండంలో పడమటి వైపు, సముద్రం ఒడ్డున ఘనా అనే దేశం ఉంది. ఈ దేశం కూడా మనలాగే ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది. 1957లో దానికి స్వాతంత్ర్యం వచ్చింది. కోకో ఎక్కువగా పండించే దేశాల్లో ఘనా ఒకటి. కోకో గింజలతోనే చాక్లెట్ చేస్తారు. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల మధ్య వేసే కోకో కూడా ఇదే.

ఘనాలో సముద్రం ఒడ్డున కేప్ కోస్ట్ అనే పట్నం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు పోతే కాకుం అడవి వస్తుంది. దీని విస్తీర్ణం సుమారు 375 చదరపు కిలోమీటర్లు. కాకుం అనేది ఒక నది పేరు. ఆ నది ఈ అడవిలోనే పుడుతుంది. అందుకే అడవికి ఆ పేరు వచ్చింది.

ఇది వాన అడవి. ఇక్కడ వానలు బాగా పడతాయి. చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ పెద్ద పెద్ద చెట్లను కలప కోసం కొట్టేవారు. 1992లో ప్రభుత్వం దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించింది. జాతీయ పార్కు అంటే పూల మొక్కలు పెంచే తోట కాదు. చెట్లు కొట్టకుండా, జంతువులను వేటాడకుండా చట్టంతో కాపాడే అడవి.

పక్షిని చూడ్డం అంత కష్టమా?

మన ఊళ్లో పక్షిని చూడాలంటే తలెత్తితే చాలు. తీగ మీద పాలపిట్ట ఉంటుంది. గోడ మీద కాకి ఉంటుంది. వాన అడవిలో అలా కాదు. అక్కడ చెట్లు చాలా ఎత్తు. తెల్లబూరుగు లాంటి చెట్లు మిగతా చెట్లను కూడా దాటి పైకి పోతాయి. పండ్లు, పూలు, పురుగులు ఎక్కువగా పైనే ఉంటాయి. పక్షులూ ఎక్కువ పైనే తిరుగుతాయి. కింద నిలబడిన మనిషికి ఆకులే కనబడతాయి. కూతలు వినిపిస్తాయి, పిట్ట మాత్రం కనిపించదు.

దీనికి ఒక ఉపాయం చేశారు. 1995లో చెట్టుకూ చెట్టుకూ మధ్య వేలాడే వంతెనలు కట్టారు. ఇవి మొత్తం 7 వంతెనలు. అన్నీ కలిపితే సుమారు 350 మీటర్ల పొడవు. కొన్ని చోట్ల నేల నుంచి 40 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అంటే రెండు తాటిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. వంతెన ఇనుప తాళ్ల మీద వేలాడుతుంది. నడవడానికి చెక్క పలక ఉంటుంది. పడిపోకుండా రెండు పక్కలా వల ఉంటుంది. నడుస్తుంటే ఉయ్యాలలా ఊగుతుంది. ఇంత ఎత్తు ఎక్కితే పక్షి మన కళ్ల ఎదుటికి వస్తుంది.

చెవితో చూసేవాళ్లు

పక్షుల్ని చూసేవాళ్లు తెల్లవారుతూనే వంతెన ఎక్కుతారు. ఎండ ముదిరితే పక్షులు ఆకుల చాటుకు పోతాయి. చూసేవాళ్ల మెడలో దుర్భిణి ఉంటుంది. అది దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపిస్తుంది. చేతిలో చిన్న పుస్తకం ఉంటుంది. కనబడిన పిట్ట పేరు, సమయం, చోటు అందులో రాసుకుంటారు.

అయితే అన్నిటికన్నా ముఖ్యం గైడు. గైడు అంటే దారి చూపే మనిషి. మంచి గైడు ముందు చెవితో చూస్తాడు. కూత వినగానే అది ఏ పిట్టో చెబుతాడు. ఆడదో మగదో కొన్నిసార్లు చెప్పగలడు. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఆ కాయకు ఏ పిట్ట వస్తుందో అతనికి తెలుసు.

కింద నేల మీద చీమల దండు పోతున్నా గైడు అక్కడే ఆగుతాడు. ఎందుకంటారా? ఈ అడవిలో కొన్ని చీమలు సైన్యంలా బారులు తీరి నడుస్తాయి. వాటికి భయపడి ఆకుల కింది పురుగులన్నీ బయటికి ఉరుకుతాయి. ఆ పురుగుల కోసం కొన్ని రకాల పిట్టలు చీమల వెంటే తిరుగుతాయి. నాగలి వెనక కొంగలు నడిచినట్టే. చీమల దండు దొరికితే పిట్టలు దొరికినట్టే!

తలుపు మూసుకునే తల్లి

కాకుం అడవిలో హార్న్‌బిల్ అనే పక్షులున్నాయి. వీటి ముక్కు చాలా పెద్దది. ముక్కు మీద కొమ్ములాంటి డిప్ప ఉంటుంది. పెద్ద రకం ఎగురుతుంటే రెక్కల చప్పుడు దూరానికి కూడా వినిపిస్తుంది.

దీని కాపురం విచిత్రంగా ఉంటుంది. పెద్ద చెట్టు తొర్రలోకి ఆడపక్షి దూరుతుంది. తొర్ర నోటిని మట్టి, రెట్ట లాంటివాటితో మూసేసుకుంటుంది. సన్నని చీలిక ఒక్కటే మిగులుతుంది. లోపల గుడ్లు పెట్టి పొదుగుతుంది. పాము గానీ కోతి గానీ లోపలికి రాలేవు. వారాల తరబడి మగపక్షే పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. ఇలాంటి పక్షులు మన పాపికొండల అడవుల్లోనూ ఉన్నాయి. వాటి పద్ధతీ ఇదే.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మగపక్షిని ఎవరైనా కొడితే? పోయేది ఒక్క ప్రాణం కాదు. తొర్రలో ఉన్న తల్లికీ పిల్లలకూ తిండి తెచ్చే దిక్కు పోతుంది. ముసలి చెట్టును కొట్టేస్తే తొర్రే ఉండదు. గూడుకు చోటే ఉండదు. ఇంకో సంగతి. ఈ పక్షి పండు తిని గింజను దూరాన వదులుతుంది. అక్కడ కొత్త మొక్క లేస్తుంది. పక్షి పోతే ఆ నాటు వేసే కూలీ పోయినట్టే.

మాట్లాడే చిలకకు ఏమైంది?

ఆఫ్రికాలో బూడిదరంగు చిలక ఉంది. దాని తోక ఎర్రగా ఉంటుంది. మనుషుల మాటలు చక్కగా అనుకరిస్తుంది. ఆ మాటలే దానికి చేటు తెచ్చాయి. ఇంట్లో పెంచుకోవడానికి ఎందరో కొన్నారు. అందుకని ఎందరో పట్టి అమ్మారు. అడవులు కూడా తగ్గాయి. 2016లో వచ్చిన ఒక పరిశోధన ఘనా లెక్క చెప్పింది. 1992 నుంచి అక్కడ ఈ చిలకలు నూటికి 90 నుంచి 99 దాకా తగ్గిపోయాయట. అంటే 100 ఉన్నచోట 10కి మించి మిగల్లేదు.

2016లోనే చాలా దేశాలు కూడి ఒక నిర్ణయం చేశాయి. అడవిలో పట్టిన ఈ చిలకను దేశం దాటించి వ్యాపారం చేయకూడదన్నాయి. 2017 జనవరి నుంచి ఆ నియమం అమల్లోకి వచ్చింది. మన దేశంలోనూ చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం.

లెక్క వేసి చూద్దాం

చిలకను పట్టినవాడికి ఒక్కసారే డబ్బు వస్తుంది. ఆ డబ్బు అయిపోతుంది. చిలకా అయిపోతుంది. అదే చిలక అడవిలో ఉంటే ఈ ఏడు పది మంది చూస్తారు. వచ్చే ఏడు ఇంకో పది మంది చూస్తారు. వచ్చినవాళ్లు టికెట్ కొంటారు. గైడుకు డబ్బులిస్తారు. కారు మాట్లాడుకుంటారు. భోజనం చేస్తారు. రాత్రికి గది తీసుకుంటారు. పక్షి అక్కడే ఉంటుంది.

ఇంకో లాభం అందరికీ తెలిసేది. కాకుం నది నీళ్లే కేప్ కోస్ట్ పట్నానికీ చుట్టుపక్కల ఊళ్లకూ తాగునీరు. అడవి ఉంటేనే నది ఉంటుంది.

రైతు మాటా వినాలి

అంతా బాగానే ఉందా? లేదు. కాకుం అడవిలో ఏనుగులున్నాయి. అడవి అంచునే రైతుల పొలాలున్నాయి. మొక్కజొన్న, కర్రపెండలం, కోకో వేస్తారు. ఏనుగులు రాత్రిపూట వచ్చి తింటాయి, తొక్కుతాయి. ఒక్క రాత్రిలో ఏడాది కష్టం నేలపాలవుతుంది. పైగా వేటకూ కలపకూ అడవిలోకి పోవడానికి ఇప్పుడు వీల్లేదు. వంతెన ఎక్కేవాళ్ల డబ్బు గైడుకు అందుతుంది, హోటలుకు అందుతుంది. పంట పోయిన రైతుకు అందకపోతే అతను అడవిని ఎందుకు కాపాడతాడు?

అక్కడి రైతులు ఒక ఉపాయం పట్టారు. పొలం చుట్టూ తాళ్లు కడతారు. కారప్పొడిని గ్రీజులో కలిపి గుడ్డలకు పూసి, ఆ తాళ్లకు వేలాడదీస్తారు. ఏనుగు ముక్కు చాలా చురుకైనది. కారం ఘాటు తగలగానే వెనక్కి మళ్లుతుంది. ఏనుగూ బతుకుతుంది, పంటా దక్కుతుంది. అయితే వాన పడితే కారం కడుక్కుపోతుంది. మళ్లీ పూయాలి. దానికి ఖర్చుంది, శ్రమ ఉంది. ఆ భారం రైతు ఒక్కడిదే కాకూడదు. పట్నం తాగే నీళ్లు ఆ అడవి నుంచే కదా వస్తున్నాయి!

అడవి వల్ల వచ్చే లాభం అడవి అంచున బతికేవాళ్లకు కూడా చేరాలి. అప్పుడు కాపలా పెట్టక్కర్లేదు. ఊరే కాపలా కాస్తుంది.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఊళ్లో చిన్నప్పుడు కనబడి, ఇప్పుడు కనబడని పిట్టలేవి? అవి ఎందుకు తగ్గాయి?

2. మీ ఊరి చెరువుకో వాగుకో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అక్కడ చెట్లున్నాయా?

3. అడవి జంతువుల వల్ల పంట పోతే ఆ నష్టం ఎవరు భరించాలి?

4. రేపు పొద్దున్నే ఒక చెట్టు కింద కాసేపు కూర్చోండి. ఎన్ని రకాల కూతలు వినిపించాయో లెక్కపెట్టండి. తెలిసిన పిట్టల పేర్లు కాగితం మీద రాయండి. తెలియని వాటి పేర్లు మీ ఊళ్లో పెద్దలను అడగండి.