మనకిచ్చిన ఇల్లు, పక్క వీధి ఇల్లు

మనలో చాలామందికి ఇల్లంటే క్వార్టరు. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుకుంటాం. కొత్త ఊళ్లో క్వార్టరు దొరికేదాకా ఎదురుచూస్తాం. ఆ ఇంటికి మనం యజమానులం కాము, అద్దెదారులమూ కాము. జీతంలోంచి కోసుకునే డబ్బును అద్దె అనరు, లైసెన్సు ఫీజు అంటారు. అంటే మనకున్నది ఉండటానికి అనుమతి మాత్రమే.

మరి ఆ ఇంట్లో ఎవరిని ఉంచుకోవచ్చు? ఢిల్లీలో జనరల్ పూల్ క్వార్టర్లను ఎస్టేట్స్ డైరెక్టరేట్ కేటాయిస్తుంది. తాతయ్య, అమ్మమ్మ వంటి దగ్గరి బంధువులు మనతో ఉండటం తప్పు కాదు. బయటివాళ్లతో ఇల్లు పంచుకుంటే మాత్రం, పైసా తీసుకోకపోయినా, అది సబ్‌లెటింగ్ కిందికి వస్తుంది. కేటాయింపు రద్దు కావచ్చు.

ఇల్లూ ఊరూ పోగొట్టుకుని వచ్చిన వాళ్లకు ఒక గది ఇవ్వడం కూడా తప్పేనా అని మీకు అనిపించవచ్చు. క్వార్టర్లు తక్కువ, ఎదురుచూసే ఉద్యోగులు ఎక్కువ. అందుకే ఆ నియమం. అయితే నిరాశ్రయులకు నీడ చూపించే పని ఎవరిది? ఒకప్పుడు ఢిల్లీలో ఆ పనిని ప్రభుత్వమే తలకెత్తుకుంది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు లక్షలాది కాందిశీకులు ఇక్కడికి వచ్చారు. పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి, కింగ్స్‌వే క్యాంపు శిబిరాలయ్యాయి. 1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది. వాళ్ల కోసం లజపత్ నగర్, రాజేంద్ర నగర్ వంటి కాలనీలు వెలిశాయి. మన జనక్‌పురికి మెట్రోలో పక్క స్టేషనైన తిలక్ నగర్ కూడా అలా ఏర్పడ్డదే.

ఇప్పుడు మన చుట్టుపక్కల ఇంకో రకం కాందిశీకులున్నారు. మయన్మార్ నుంచి వచ్చిన చిన్ తెగ కుటుంబాలు జనక్‌పురి, వికాస్‌పురి, ఉత్తమ్ నగర్ ప్రాంతాల్లో ఉంటున్నాయి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. మన దేశంలో వాళ్ల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాళ్లకు గుర్తింపు కార్డులిస్తుంది. ఇల్లు మాత్రం ఎవరికి వాళ్లే అద్దెకు వెతుక్కోవాలి. తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు. బర్మా వదిలి వచ్చిన మనవాళ్లు విశాఖపట్నంలో స్థిరపడిన చోటును నేటికీ బర్మా క్యాంపు అనే పిలుస్తారు.

మనకూ వాళ్లకూ అసలు తేడా ఇంటికి మరమ్మతు అవసరమైనప్పుడు తెలుస్తుంది. మన క్వార్టరు పైకప్పు పెచ్చులూడితే సీపీడబ్ల్యూడీ ఎంక్వైరీ ఆఫీసులో ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకుంటాం. ఇరుకు గదిలో అద్దెకుండే శరణార్థి ఎవరికి చెప్పాలి? గట్టిగా అడిగితే యజమాని ఖాళీ చేయమంటాడేమోనని భయం. 2010 నవంబరు 15న లక్ష్మీనగర్‌లోని లలితా పార్కులో ఒక భవనం కూలి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పొట్టకూటికి వచ్చి అద్దెకుంటున్నవాళ్లే.

నిజానికి అద్దె ఇళ్లకూ చట్టం రక్షణ ఉంది. 1957 నాటి ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 348, 349 సెక్షన్ల ప్రకారం, కూలే ప్రమాదమున్న కట్టడాన్ని బాగుచేయమనీ, కూల్చమనీ, ఖాళీ చేయమనీ కమిషనర్ ఆదేశించవచ్చు. కానీ ప్రమాదం సంగతి ఎవరో ఒకరు చెబితేనే కదా తెలిసేది!

అందుకే గుర్తులు తెలుసుకుందాం. గోడలో ఏటవాలు పగుళ్లు, ఉన్నట్టుండి బిగుసుకుపోయే తలుపులు, పైకప్పులో బయటపడ్డ తుప్పు చువ్వలు ప్రమాద సూచనలు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. అందుకే పెచ్చులూడతాయి. వాటిపై సున్నం పూస్తే మచ్చ కనబడదు, జబ్బు మాత్రం పోదు. పగులు కనిపిస్తే రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేయండి. నెల తర్వాత పగులు గీత దాటిందంటే వెంటనే పెద్దలకు చెప్పండి. ఢిల్లీ నాలుగో భూకంప మండలంలో ఉన్న సంగతి మరవకండి.

పక్క వీధి స్నేహితుడిని మన క్వార్టర్లో ఉంచుకోవడానికి నియమం ఒప్పుకోదు. వాళ్ల గోడ మీద పెన్సిల్ గీత గీయడం నేర్పడానికి, వాళ్ల తరఫున ఒక ఫిర్యాదు రాసి పెట్టడానికి మాత్రం ఏ నియమమూ అడ్డురాదు.