బాతు ముక్కు మీద నల్లమచ్చలా? కంగారు పడకండి!

పిల్లలు ముచ్చటపడ్డారని సంతలో కొన్న రెండు బాతుపిల్లలు ఐదారు నెలలు తిరిగేసరికి తెల్లని పెద్ద బాతులై పెరడంతా తమదే అన్నట్లు తిరుగుతూ వుంటాయి. ఒకనాడు పొద్దున్నే తవుడు కలిపి పెడుతూ చూస్తే, నిన్నటిదాకా నారింజ తొనలా నిగనిగలాడిన ముక్కు మీద సిరా చల్లినట్లు నల్లటి మచ్చలు! ఇక యింట్లో హడావుడి మొదలు. ఒకరు పసుపు పూయమంటారు, ఒకరు ఆముదం రాయమంటారు. పక్కింటివారు అంటురోగమేమో, పిల్లల్ని దూరంగా వుంచమంటారు.

ముందుగా ఒక మాట చెప్పాలి. యీ మచ్చల్లో చాలావాటికి మందు అక్కరలేదు. మందు కావలసిన మార్పులు వేరే వున్నాయి. అవి మచ్చల్లా కొట్టవచ్చినట్లు కనపడవు. అందుకనే మచ్చలున్న బాతుకు వైద్యం జరుగుతుంది, జబ్బు చేసిన బాతు మూల కూర్చుని వుంటుంది.

బాతు ముక్కు కోడి ముక్కులాంటిది కాదు. చివర గోరులాంటి గట్టి భాగం కొంచెం వుంటుంది. మిగిలినదంతా ఎముక మీద పరచిన మెత్తటి చర్మం. దానినిండా రక్తనాళాలూ, నరాలూ వుంటాయి. కళ్ళకు కనపడని నత్తను బురదలో యీ ముక్కుతోనే తడిమి పట్టుకుంటుంది. కాబట్టి ఒంట్లో రక్తం తగ్గినా, వూపిరి సరిగా ఆడకపోయినా ఆ సంగతి ముక్కు మీద కనపడుతుంది.

మచ్చ కనపడగానే చెయ్యవలసిన మొదటి పని తడిగుడ్డతో మెల్లగా తుడవడం. బురద, ఎండిన మేత, బోరునీటి తుప్పు మరక అయితే కొంతైనా పోతుంది. పోకపోతే వేలితో తడిమి చూడండి. మచ్చ చర్మంతో సమంగా, నునుపుగా వుండి, ముట్టుకుంటే బాతు బెదరకుండా, ఎప్పటిలా తింటూ తిరుగుతూ వుంటే అది వట్టి రంగు మాత్రమే. మన చర్మానికీ వెంట్రుకలకూ నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థమే అక్కడా చేరుతుంది. గుడ్లు పెట్టే వయసు వచ్చిన ఆడబాతుల్లో ఒంటిలోని హార్మోనుల మార్పు వల్ల యిది తరచు కనపడుతుంది. వయసుతో పాటు పెరుగుతుంది కూడా. మస్కోవీ జాతి తప్ప మనం పెంచే బాతులన్నీ మల్లార్డ్ అనే అడవిబాతు సంతతే. ఆ అడవిబాతుల్లో ఆడదాని ముక్కు నారింజరంగు మీద నల్లమచ్చలతోనే వుంటుంది. మీ తెల్లబాతుకు వచ్చింది ముత్తవ్వ పోలిక అనుకోండి. (ఆడదో మగదో తెలియకపోతే తోక చూడండి. పెరిగిన మగబాతు తోక మీద రెండు మూడు ఈకలు పైకి వంకర తిరిగి వుంటాయి. పెద్దగా అరిచి గోల చేసేది ఆడబాతే.)

ఇక రంగు వెలిసిపోవడం. గుడ్డు సొనలోని పసుపూ, ముక్కులోని పసుపూ ఒకే కొట్టులోని సరుకు. రెండూ మేతలోని ఆకుకూరలు, మొక్కజొన్నల నుంచి వచ్చేవే. వరుసగా గుడ్లు పెడుతున్న బాతు ఆ సరుకును సొనలోకి పంపుతుంది కనుక ముక్కు వెలవెలబోతుంది. గుడ్లు ఆగిన కొన్నాళ్ళకు మళ్ళీ రంగు వస్తుంది. మిగిలిపోయిన అన్నం, నూకలు మాత్రమే పెట్టే యిళ్ళలో గుడ్లు పెట్టని బాతు ముక్కు కూడా యిలాగే వెలిసిపోతుంది. సన్నగా తరిగిన తోటకూర, మునగాకు, దొరికితే చెరువు నాచు రోజూ కొంచెం వేసి చూడండి.

అయితే పసుపు తగ్గడం వేరు, రక్తం తగ్గి పాలిపోవడం వేరు. నోరు తెరిచి లోపల చూడండి. గులాబిరంగులో వుండవలసిన నోరు సున్నం వేసినట్లుంటే కడుపులో పురుగులో, రక్తస్రావమో, కాలేయం చెడడమో అనుమానించాలి. ముక్కూ నాలుకా నీలంగా మారి, బాతు నోరు తెరుచుకుని రొప్పుతుంటే వూపిరికి సంబంధించిన ప్రమాదం. అది రేపు చూద్దామనే విషయం కాదు. నల్లముక్కు జాతుల్లో పైరంగు మోసం చేస్తుంది కనుక నాలుకే చూడాలి.

కాలేయం అన్నాను కదా, బాతులు పెంచేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. బాతుపిల్లలూ చనిపోయాయి. చివరకు కారణం మేతలో కలిపిన వేరుశెనగ పిండి అని తేలింది. దానికి పట్టిన బూజు తయారుచేసిన విషమే అఫ్లటాక్సిన్. పెంపుడు పక్షుల్లో దీనికి అందరికంటే ముందు బలయ్యేది బాతు. వానాకాలంలో చెక్క గడ్డకట్టినా, ముక్కవాసన వచ్చినా, "మనం తినలేంగాని బాతులు తింటాయిలే" అని వెయ్యకండి. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. పారవెయ్యవలసిందే.

ముక్కు మీద పుండు, పగులు, బొబ్బ వుంటే అది మచ్చ కాదు, గాయం. ఇనుప వలకు గీసుకోవచ్చు, తోటి బాతు పొడవవచ్చు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ముక్కు రంధ్రాలు మూసుకుపోయేలా మందులు పులమకండి. తల ముంచేంత లోతున్న నీటితొట్టి పెడితే రంధ్రాలు తనే కడుక్కుంటుంది. మనుషులు వాడే యాంటీబయాటిక్ మాత్రలు పొడిచేసి తవుడులో కలిపే అలవాటు కొందరిది. ఆ మందు గుడ్డులోకి వచ్చి మీ కంచంలోకి చేరుతుంది. ఆ పని వద్దు.

రంగు మారడంతో పాటు ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చోవడం, మేత మానడం, ఆకుపచ్చని నీళ్ళ విరేచనాలు, ముక్కు కారడం, మెడ వంకర తిరగడం, కళ్ళు మసకబారడం - వీటిలో ఏది కనపడినా ఆ బాతును వేరుచేసి పశువుల ఆసుపత్రికి కబురు చెయ్యండి. 1962 నంబరుకు ఫోను చేసినా సరే. బాతుల ప్లేగుకు టీకా వుంది, ఎప్పుడు వేయించాలో డాక్టరుగారినే అడగండి. ఒకేసారి రెండు మూడు పక్షులు చస్తే మాత్రం చేతులతో ముట్టుకోవద్దు, కోసి చూడవద్దు, కాలవలో పారవెయ్యవద్దు. 2014లో కేరళలోని కుట్టనాడులో బాతులకూ, 2024లో నెల్లూరు జిల్లాలోనూ, 2025లో గోదావరి జిల్లాల్లోనూ కోళ్ళకూ సోకిన బర్డ్ ఫ్లూ యిటువంటి చావులతోనే బయటపడింది. ఆ జబ్బు కోళ్ళను చంపినా, కొన్నిసార్లు బాతులు పైకి ఏమీ కనపడకుండానే దాన్ని మోస్తాయి.

అందుచేత ముక్కు ఎంత ముద్దుగా వున్నా పిల్లల్ని దాన్ని ముద్దు పెట్టుకోనివ్వకండి. ఆరోగ్యంగా వున్న బాతు నుంచి కూడా సాల్మొనెల్లా క్రిములు అంటుకుని వాంతులు, విరేచనాలు రావచ్చు. బాతులతో ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడిగించండి. నీటితొట్టిని వంటింటి తూములో కడగకండి.

ముక్కు మీద మచ్చలున్న బాతు గుడ్లు తినవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు: నిరభ్యంతరంగా తినవచ్చు. పెంకు మీది మురికి తీసివేసి, తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించండి. కోడిగుడ్డు కంటే పెద్దది కనుక పొయ్యి మీద మరి నాలుగు నిమిషాలు ఎక్కువ వుంచాలి.