చిట్టెలుక మెదడుకు పటం

కొత్త ఊరిలో ఇల్లు వెదికేవారికి పటం ఎంత అవసరమో, మెదడును శోధించే శాస్త్రజ్ఞులకు మస్తిష్క పటం అంత అవసరం. చిట్టెలుక మెదడు అర గ్రాము బరువైనా ఉండదు. అందులో సుమారు 7 కోట్ల నాడీకణాలున్నాయి. సూదిమొన వెంట్రుకవాసి పక్కకు జరిగినా ప్రయోగం తప్పుతుంది. ఒక ప్రాణి వ్యర్థంగా బలి అవుతుంది.

1982లో పాక్సినోస్, వాట్సన్ ప్రచురించిన ఎలుక మెదడు పటాల గ్రంథం ప్రయోగశాలలకు దారి చూపింది. అయితే అందులోనివి విడివిడి కోతల చిత్రాలు. రెండు కోతల నడుమనున్నదానిని ఊహించుకోవలసిందే. పైగా ఏ రెండు మెదళ్లూ అచ్చంగా ఒకేలా ఉండవు.

ఈ కొరతను కంప్యూటర్ చాలావరకు తీర్చింది. జన్యుపరిశోధనకు అనువైన చిట్టెలుకను ఎన్నుకొని, అమెరికాలోని సియాటిల్‌లో గల ఆలెన్ సంస్థ, దాని మెదడులో సుమారు 20,000 జన్యువులు ఎక్కడెక్కడ పనిచేస్తాయో చూపే డిజిటల్ పటాన్ని 2006లో పూర్తిచేసింది. 2020లో 1,675 చిట్టెలుకల మెదళ్ల చిత్రాలకు సగటు కట్టి రూపొందించిన త్రిపరిమాణ పటాన్ని ప్రచురించింది. అందులో ప్రతి బిందువుకూ మూడు అంకెల చిరునామా ఉంటుంది. ఒక దేశంలో గుర్తించిన స్థానాన్ని మరొక దేశంలోనివారు అదే చిరునామాతో సరిపోల్చుకోగలరు. పటం అందరికీ ఉచితం.

అయితే ఇది ఆరోగ్యవంతమైన, వయసులోనున్న చిట్టెలుక మెదడు పటం. వార్ధక్యంవల్లనో వ్యాధివల్లనో మారిన మెదడును దీనితో పోల్చి, ఎక్కడ ఎంత మార్పు వచ్చినదో కొలుస్తారు. అల్జీమర్స్ వంటి మతిమరుపు వ్యాధుల పరిశోధనకు ఆ కొలత ఒక ఆధారం.